ఇల్లే కార్ఖానా – 5: మగ్గం కొలతకు కట్టిన ఇల్లు

ఫ్రాన్సులోని లియాన్ నగరంలో క్రువా-రూస్ అని ఒక కొండ ఉంది. ఆ కొండ మీది పాత మేడల్లో ఏ అంతస్తుకు వెళ్లి తలెత్తినా, పైకప్పు దూలాలు 4 మీటర్ల ఎత్తున కనబడతాయి. మన లెక్కలో 13 అడుగులు. కిటికీలు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. మనిషి నిలబడి చెయ్యి చాచినా పై అంచు అందదు. మొదటిసారి చూసినవాళ్లు ఇవి ఎవరో షావుకార్ల భవంతులనుకుంటారు. కానే కాదు. 19వ శతాబ్దం మొదటి సగంలో పట్టు నేసి పొట్టపోసుకునేవాళ్లకు అద్దెకివ్వడానికి కట్టిన ఇళ్లవి. సూటిగా చెప్పాలంటే వాళ్ల కోసం కూడా కాదు, వాళ్ల మగ్గాల కోసం.

పోయిన వారం ఒస్తియా, పాంపే వీధుల్లో అంగడి మీద అటక వేసుకుని కాపురం చేసిన రోమన్ దుకాణదారుల్ని చూశాం. వాళ్లకు కింద బేరం, పైన సంసారం. అక్కడ మనిషి తన ఇంట్లో అంగడి పెట్టుకున్నాడు. నేతగాళ్ల సంగతి వేరు. మగ్గమే ఇల్లు కట్టుకుని, మనుషుల్ని ఓ మూల తల దాచుకోనిచ్చింది. ఎత్తు ఎంత, వెలుతురు ఎటు, పొడుగు ఎంత, ఆఖరికి వీధి ఎంత వెడల్పు అన్నదీ అదే తేల్చింది. ఈ వారం కథ దాని గురించే.

అంత ఎత్తు ఎందుకు కావలసివచ్చిందో ముందు చూద్దాం. పువ్వులూ లతలూ ఉన్న పట్టు నేయాలంటే ఒక్కో పేక పడేముందు కొన్ని పడుగు పోగులు పైకి లేవాలి, కొన్ని కింద ఉండాలి. పాత మగ్గాల మీద ఈ పని ఒక సహాయకుడు చేసేవాడు. తరచు చిన్నపిల్లవాడే. మగ్గం పక్కన నిలబడి వరస తప్పకుండా తాళ్లు లాగడం వాడి పని. లియాన్‌లోనే పుట్టిన జోసెఫ్ మరీ జకార్ 1804 నాటికి ఆ తాళ్లు లాగే పనిని యంత్రానికి అప్పజెప్పాడు. అతనికి ముందు బుషోన్, ఫాల్కన్, వోకాన్సన్ అనేవాళ్లు చేసిన ప్రయత్నాలన్నిటినీ కలిపి ఒక రూపానికి తెచ్చాడు. బెజ్జాలు కొట్టిన అట్టలు దండలా కుట్టి ఉంటాయి. ఒక్కో అట్టా ఒక్కో పేకకు. బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మన నేతగాళ్లు నేటికీ 'జకార్డు' అని పిలుస్తున్నది ఆయన పేరునే.

ఈ యంత్రం మగ్గం నెత్తిన కూర్చుంటుంది. చిక్కు అక్కడే వచ్చింది. సోన్ నది ఒడ్డున సాన్-జోర్జ్ పేటలోని పాత ఇళ్ల కప్పులు దానికి చాలలేదు. అదే సమయానికి క్రువా-రూస్ కొండవాలున కావలసినంత నేల దొరికింది. ఫ్రెంచి విప్లవం తరువాత అక్కడి క్రైస్తవ మఠాల భూముల్ని ప్రభుత్వం అమ్మేసింది. కొన్నవాళ్లు నేతగాళ్లకు పనికొచ్చేలా ఐదారు అంతస్తుల మేడలు లేపారు. మగ్గాన్ని కదలకుండా పైనుంచి బిగించేందుకు దృఢమైన దూలాలు, పట్టు రంగుల తేడా కంటికి తెలిసేలా పొడుగాటి కిటికీలు. 1825లో కట్టిన బ్రూనే భవనానికి 365 కిటికీలని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని.

లోపలికి వెళ్దాం. ఒకటే పెద్ద గది. కిటికీ పక్కన మగ్గాలు. రెండు ఉండొచ్చు, నాలుగు ఉండొచ్చు. వెలుతురంతా వాటిదే. వెనకాల చీకటి మూల పొయ్యి, గిన్నెలు. ఆ వంటమూలకు పైన, కప్పు ఎత్తును సగానికి కోసి చెక్కలతో వేసిన అటక. దాన్ని 'సూపాంత్' అంటారు. దంపతులు, పిల్లలు, పని నేర్చుకోడానికి వచ్చిన కుర్రాళ్లు ఎక్కువగా పడుకునేది దాని మీదే. కింద మగ్గానికి 13 అడుగుల కప్పు, పైన మనిషి వంగి నడవాల్సిన అటక. ఆ ఇంట్లో ఎవరి హోదా ఎంతో ఈ రెండు కొలతలే చెబుతాయి. చీకటితో లేచి 14, 15 గంటలు నేసేవాళ్లు. ఈ నేతగాళ్లను 'కాన్యూ'లనేవారు. మగ్గం చప్పుడుకు వాళ్లు పెట్టుకున్న మాట 'బిస్తాంక్లాక్'. ఒకటికి రెండుసార్లు పైకి అని చూడండి, మగ్గం ఆడినట్టే ఉంటుంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ఇంకొకటి ఉంది. లియాన్ పట్టు పరిశ్రమను 'ఫాబ్రీక్' అనేవారు. ఆ మాట వినగానే మనకు పొగగొట్టాల కార్ఖానా కళ్లముందు మెదులుతుంది. అక్కడ అలాంటి కట్టడమే లేదు. వేల ఇళ్లలో విడివిడిగా ఆడే మగ్గాలన్నీ కలిపి ఆ పేరు. గేటు లేదు, గంట లేదు. ఊరే కార్ఖానా. మేడల అడుగున ఒక వీధి నుంచి ఇంకో వీధిలోకి దూరిపోయే సొరంగదారులు, 'త్రాబూల్'లు, ఈ కార్ఖానాకు వసారాల్లాంటివి. పట్టు బేళ్లను వానకు తడవకుండా వాటిగుండా మోసుకుపోయేవారు.

ఆ కార్ఖానాకు యజమాని ఎవరు? ఇక్కడ మెట్లు మూడు. పట్టు నూలు కొని, నమూనా ఇచ్చి, బట్ట తీసుకుని డబ్బిచ్చేది వర్తకుడు. అతనికి మగ్గం ఉండదు. మగ్గాలు, ఇంటి అద్దె, దీపం నూనె, మరమ్మతు అన్నీ మేస్త్రీ నేతగాడివి. అతని దగ్గర కూలికి నేసేవాళ్లు ఇంకో మెట్టు కింద. అంటే గోడల ఖర్చు వర్తకుడి నెత్తిన పడలేదు. గిరాకీ లేనప్పుడు పని ఆపేస్తే చాలు. ఖాళీ మగ్గం నేతగాడి ఇంట్లోనే చోటు ఆక్రమించి కూర్చుంటుంది. అద్దె మాత్రం ఆగదు. ఇంట్లో పని అంటే స్వేచ్ఛ అని నేడు చెప్పేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

1831 అక్టోబరులో నేతగాళ్లు, వర్తకుల ప్రతినిధులు జిల్లా పాలకుడైన ప్రిఫెక్టు సమక్షంలో కూర్చుని కనీస కూలి రేట్ల పట్టిక ఒప్పుకున్నారు. అదే నెలలో నేతగాళ్ల సొంత పత్రిక 'లెకో ద లా ఫాబ్రీక్' కూడా మొదలైంది. కొందరు వర్తకులు మాత్రం పట్టికను ఒప్పుకునేది లేదన్నారు. నవంబరు 21న మగ్గాలు ఆగాయి. కొండ మీది నుంచి నేతగాళ్లు ఊళ్లోకి దిగారు. పనిచేసి బతకాలి, లేదా పోరాడి చావాలి అనే అర్థం వచ్చే మాటలు రాసిన నల్లజెండా పట్టుకుని నడిచారు. రెండు మూడు రోజుల్లో నగరం వాళ్ల చేతికొచ్చింది. డిసెంబరు మొదటివారంలో మార్షల్ సూల్ట్ దాదాపు 20,000 మంది సైనికులతో వచ్చి దాన్ని వెనక్కి తీసుకున్నాడు. రేట్ల పట్టిక రద్దయింది. పట్టికకు పూనుకున్న ప్రిఫెక్టు ఉద్యోగం పోయింది. 1834లో మళ్లీ తిరుగుబాటు జరిగింది. ఈసారి అణచివేత ఇంకా ఘోరం. ఆ తరువాత వర్తకులు మెల్లమెల్లగా పనిని పల్లెల్లోకి పంపడం మొదలుపెట్టారు. ఒకే కొండ మీద పక్కపక్కనే అన్ని మగ్గాలుంటే ప్రమాదమని వాళ్లకు తెలిసొచ్చింది.

ఇంకొంచెం వెనక్కి, లండన్ వెళ్దాం. 1685లో 14వ లూయీ ప్రొటెస్టెంట్లకున్న మతస్వేచ్ఛను రద్దు చేశాక ఫ్రాన్సు వదిలి పారిపోయిన హ్యూగెనాట్లలో పట్టు నేతగాళ్లు చాలామంది. లండన్ తూర్పున స్పిటల్‌ఫీల్డ్స్‌లో వాళ్లు స్థిరపడ్డారు. ఫూర్నియే వీధి, ప్రిన్స్‌లెట్ వీధుల్లో 1720ల నాటి ఇటుక ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసేటప్పుడు తలుపు కాదు, కప్పు చూడాలి. పై అటకలో గోడ పొడుగునా సాగిన కిటికీ ఉంటుంది. అది మగ్గం కిటికీ. జకార్డు ఇంకా పుట్టలేదు కనుక ఎత్తు అక్కర్లేదు, వెలుతురు కావాలి. లండన్ సూర్యుడు అసలే పిసినారి, అందుకే అటకెక్కి వెతుక్కున్నారు. ఈ పెద్ద ఇళ్లు వర్తకులవీ మేస్త్రీలవీ. కూలికి నేసేవాళ్లు పక్కనే బెత్నల్ గ్రీన్‌లో ఇరుకు గదుల్లో ఉండేవారు.

అయినా ఆ అటకల్లో ఒక సంస్కారం పెరిగింది. మగ్గం పక్కన పంజరంలో పాడే పిట్టల్ని పెంచేవారు. పూలమొక్కలంటే పిచ్చి. 1717లో అక్కడ గణిత సంఘం ఒకటి పుట్టి వందేళ్లకు పైగా నడిచింది. చుక్కల దూరదర్శినికి రంగుల అంచు పడని కటకాన్ని తయారుచేసి 1758లో పేటెంటు పొందిన జాన్ డాలండ్ ముందు స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాడే. పనిగంటలు తన చేతిలో ఉన్నవాడికి, చేతులు ఆడుతున్నంతసేపూ బుర్ర కూడా ఆడుతుందేమో.

ఈ పిట్టల ప్రేమికులే 1719లో వీధుల్లో ఆడవాళ్ల ఒంటిమీది బట్టలు చింపారు. వాళ్లు కట్టుకున్నవి హిందూదేశం నుంచి వచ్చిన రంగుల నూలు బట్టలు. గుజరాతు నుంచీ, మన కోరమండల తీరం నుంచీ ఓడలకెక్కినవి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో దిగింది 1611లో. అప్పటికే డచ్చివాళ్లు ఉన్నారు. అక్కడి నుంచి వెళ్లిన అద్దకం బట్ట లండన్ దొరసానులకు పట్టుకన్నా నచ్చింది. పట్టుకన్నా చవక, ఉతికినా రంగు పోదు. నేతగాళ్ల గొడవ పార్లమెంటు దాకా వెళ్లింది. 1721లో అద్దకం నూలు బట్టలు కట్టడమే నిషేధిస్తూ చట్టం వచ్చింది. కృష్ణా తీరాన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మనిషి, లండన్ అటకెక్కి నేసే మనిషి కడుపు మీద కొట్టాడు. ఒకరినొకరు ఎన్నడూ చూసి ఎరగరు. తరువాతి శతాబ్దంలో మాంచెస్టరు మిల్లు ఇద్దరినీ కొట్టింది.

మిల్లు అనగానే ఇంటి మగ్గం కథ ముగిసిందనుకుంటాం. ఇంగ్లండులోనే కోవెంట్రీలో రిబ్బను నేసేవాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వాళ్ల ఇళ్లలో పై అంతస్తు మగ్గాలది. దాన్ని 'టాప్ షాప్' అనేవారు. ఆవిరి యంత్రం వచ్చాక జాన్, జోసెఫ్ క్యాష్ అనే క్వేకర్ అన్నదమ్ములు ఒక ఉపాయం పన్నారు. నేతగాణ్ణి మిల్లుకు రప్పించే బదులు ఆవిరినే ఇంటికి పంపితే? 1857లో కింగ్‌ఫీల్డ్‌లో వరసగా 100 ఇళ్లు కడదామని తలపెట్టారు. కింద రెండంతస్తుల్లో కాపురం, మూడో అంతస్తులో మగ్గం. ఒకే ఆవిరి యంత్రం నుంచి పొడుగాటి ఇరుసు అన్ని ఇళ్ల పై అంతస్తుల్లోంచి సాగిపోతుంది. దానికి పట్టీ తగిలించుకుంటే మగ్గం ఆడుతుంది. ఎవరి గడప వాళ్లది, శక్తి మాత్రం ఉమ్మడి.

కాగితం మీద ముచ్చటగా ఉంది. కానీ యంత్రం తిరిగేవేళలే నేతగాడి వేళలయ్యాయి. గంట కార్ఖానాలో మోగకపోయినా, ఇరుసు రూపంలో ఇంటి నడినెత్తిన తిరిగింది. 1860లో ఫ్రాన్సుతో వర్తక ఒప్పందం కుదిరి ఫ్రెంచి రిబ్బన్లు సుంకం లేకుండా దిగాయి. అదే ఏడు సమ్మె. కోవెంట్రీ కుప్పకూలింది. తలపెట్టిన 100 ఇళ్లలో లేచినవి 48. ఊళ్లో వాటి పేరు మాత్రం 'వంద ఇళ్లు'గానే నిలిచిపోయింది.

ఇక మన గడపకు వద్దాం.

లియాన్ మేస్త్రీ మగ్గం కోసం కప్పు లేపాడు. మన నేతగాడు నేల తవ్వాడు. గుంట మగ్గం ఉన్న ఇంట్లో నేతగాడు నేల మట్టాన కూర్చుని కాళ్లు గుంటలోకి దించి తొక్కుడుచెక్కలు ఆడిస్తాడు. కాబట్టి మామూలు పెంకుటిల్లూ పూరిల్లూ సరిపోయాయి. గుంట ఉన్నది ఎత్తు కలిసిరావడానికి మాత్రమే కాదు. నూలు పోగుకు ఎండ పడదు. గాలి పొడిబారితే తెగుతుంది. నేల చెమ్మ పడుగు అడుగున ఉంటే పోగు మెత్తగా సాగుతుంది. అదే చెమ్మ వానాకాలంలో పగబడుతుంది. గుంటలో నీళ్లూరితే మగ్గం ఆగుతుంది. ముసురు పట్టిన వారం నేత ఇంట్లో చెంబుతో నీళ్లు తోడుకోవడం, పూట గడవకపోవడం రెండూ ఒకేసారి వస్తాయి. వరద వచ్చినప్పుడల్లా చేనేత కుటుంబాలకు సాయం ప్రకటిస్తారు చూడండి, ఆ సాయం వెనక ఉన్నది ఈ గుంటే.

పడుగు గది పొడుగునా సాగి ఉంటుంది. ఇంట్లోవాళ్ల రాకపోకలన్నీ దాని అంచున, గోడవారగా. నడక నేర్చే పిల్లకు మొదట తెలిసే హద్దు గడప కాదు, పడుగే. పోచంపల్లి, పుట్టపాక లాంటి ఊళ్లలో అయితే మగ్గం ఒక్కటే కాదు. రంగు అంటకుండా పోగును చిటికి కట్టడానికి, రంగులద్దడానికి, ఆరబెట్టడానికి, ఆసు పోయడానికి తలా ఒక చోటు కావాలి. ఉన్న రెండు గదులూ వసారా వాటికే చాలవు. కండెలు చుట్టడం, రాట్నం తిప్పడం, ఆసు పోయడం ఇల్లాలి పని. బట్ట కూలి మాత్రం మగ్గం మీది మనిషి పేరున వస్తుంది. 'ఆసులో కండె' అని మనం ఇప్పటికీ అలుపు లేకుండా అటూ ఇటూ తిరిగేవాళ్లను అంటాం. ఆ మాట ఎవరి భుజం నొప్పి లోంచి వచ్చిందో తలచుకోం. ఆసు పోయాలంటే ఒక్క చీరకు పోగును మేకుల చుట్టూ వేల సార్లు తిప్పాలి. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం 1999లో తల్లి లక్ష్మి పడే అవస్థ చూడలేక ఆసు యంత్రం చేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం కూడా కార్ఖానాకు పోలేదు, ఇంటి వసారాలోనే కుదురుకుంది.

ఇల్లు చాలకపోతే వీధి ఉంది. పడుగు సాగదీసి గంజి పెట్టి కుంచెతో దువ్వాలంటే ఇంట్లో చోటు ఎక్కడిది? తెల్లవారుజామున, ఎండ ముదరకముందు, వీధి పొడుగునా గుంజలు పాతి పడుగు చాచేవారు. నలుగురు చుట్టాలూ ఇరుగుపొరుగూ చెయ్యి వేస్తేనే అయ్యే పని. అందుకే చాలా నేత ఊళ్లలో సాలెవీధి సూటిగా, వెడల్పుగా, నీడకు చెట్లతో ఉండేది. ఆ వేళ బండివాడు చుట్టు తిరిగి పోవలసిందే. క్రువా-రూస్‌లో పని మేడల అడుగున నడిచింది, ఇక్కడ వీధి నడిబొడ్డున.

జకార్డు మన దాకా వచ్చాక మళ్లీ కప్పు గొడవ మొదలైంది. ధర్మవరం పట్టుచీర అంచుల కోసం గుంట మగ్గం మీదే జకార్డు ఎక్కించారు. కిందికి తవ్వి ఉండటం వల్ల కొంత ఎత్తు కలిసొచ్చింది. లేనిచోట కప్పు లేపాల్సి వచ్చింది. లియాన్ కొండ మీద 13 అడుగులు అడిగిన యంత్రం రాయలసీమ ఇంట్లో తక్కువ ఎత్తుకు సర్దుకుపోవడం చూస్తే నవ్వొస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 1985-86లో నేతగాళ్లకు ఇల్లూ పనిషెడ్డూ కలిపి కట్టించే పథకం మొదలుపెట్టింది. ఇల్లు, మగ్గం విడదీయరానివని సర్కారు కాగితం మీద ఒప్పుకున్న సందర్భం అది. కానీ ఊళ్లో స్థలం కరువై ఇళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, పై అంతస్తు వాటా దక్కినవాడు గుంట ఎక్కడ తవ్వాలి? గుంట అక్కర్లేని స్టాండు మగ్గానికి మారాలి, లేదా మగ్గం మానాలి.

లియాన్ కథ అచ్చంగా మళ్లీ కనబడాలంటే సిరిసిల్ల వెళ్లాలి. అక్కడ ఆడేవి మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు. యజమాని నూలు ఇస్తాడు. ఇంటి పక్క షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకుని బట్ట నేయించి ఇచ్చేవాడు ఆసామి. షెడ్డు, సాంచాలు, కరెంటు బిల్లు, మరమ్మతు ఆసామివి. సాంచాల మీద నిలబడే కార్మికుడు మూడో మెట్టు. వర్తకుడు, మేస్త్రీ, కూలి నేతగాడు. పేర్లు మారాయి, మెట్లు మారలేదు. ఆర్డరు ఆగినరోజు యజమాని దుకాణంలో ఏమీ ఆగదు. ఆసామి ఇంట్లో చప్పుడు ఆగుతుంది. ఆ చప్పుడే వెతుక్కుంటూ తెలుగు పద్మశాలీలు తరాల కిందటే షోలాపురం, భివండీ వెళ్లారు. షోలాపురం తూర్పు పేటల్లో ఇప్పటికీ వీధులకు వీధులు తెలుగు మాట్లాడతాయి.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ పనిలో ఉన్నవాళ్లు 35 లక్షలకు పైనే. వాళ్లలో ప్రతి పదిమందిలో ఏడుగురు ఆడవాళ్లు. ఈశాన్య రాష్ట్రాల ఇంటి మగ్గాల వల్ల ఆ లెక్క అలా తేలింది. మన దగ్గర వాటా అంత ఉండదు. 

క్రువా-రూస్ మేడలు ఇప్పుడు లియాన్‌లో గిరాకీ ఉన్న కొంపలు. 4 మీటర్ల కప్పు, బయటికి కనబడే దూలాలు, మగ్గాలున్న చోట సోఫాలు. అటక ఇప్పుడు ముచ్చటైన పడగ్గది. స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గం కిటికీల ధర చెబితే నమ్మరు.

నిరుడు పోచంపల్లిలో ఒక పాత ఇంట్లో కూర్చున్నాను. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం, మగ్గం అమ్మేశారు. గుంట పూడ్చి గది అంతా టైల్స్ పరిచారు. మాట్లాడుతూ కుర్చీని ఫ్యాను కిందికి లాగబోతే ఆ ఇంటి పెద్దామె చెయ్యి అడ్డం పెట్టింది.

"గాడ ఎయ్యకు బిడ్డా, కుంగుతది. ఎన్నిసార్లు మట్టి పోసినా గంతే."